గుడారముల వారి పెద్దరికము

యిర్మీయా గ్రంథము 35వ అధ్యాయములో ఒక సంగతి వ్రాయబడి యున్నది. యెహోయాకీము రాజు దినములలో ప్రవక్త రేకాబీయులను దేవాలయపు గదిలోనికి పిలిచి, ద్రాక్షారసపు పాత్రలు వారి యెదుట పెట్టి త్రాగుమనెను. వారు ముట్టలేదు. ద్రాక్షారసము వద్దనియు, ఇల్లు కట్టవద్దనియు, విత్తనము విత్తవద్దనియు, బ్రదికినన్నాళ్లు గుడారములలోనే యుండవలెననియు తమ పితరుడైన యోనాదాబు చెప్పిపోయెనని వారు ఉత్తరమిచ్చిరి. యోనాదాబు చనిపోయి అప్పటికి రెండు వందల యేండ్లు దాటినది. ఆయన మాట మాత్రము చావలేదు. దేవుడు వారిని మెచ్చుకొని, యూదావారికి వారిని మాదిరిగా చూపెను.

ఈ అధ్యాయమును మనము మద్యపానమునకు విరోధమైన ప్రసంగములకే ఎక్కువగా వాడుకొనుచున్నాము. అది మంచిదే. అయితే ఒక సంగతి గమనించుడి. దేవుడు వారి నమ్మకత్వమును మెచ్చెను గాని యూదావారందరు ఇండ్లు విడిచి గుడారములు వేసికొనవలెనని ఆజ్ఞాపింపలేదు. అట్లే, మీ గుడారములు విడిచి ఇండ్లు కట్టుకొనుడని రేకాబీయులకును చెప్పలేదు. పెద్దలు చెప్పిరి గనుక ఒక జనము ఒక ఆచారమును తరతరములు నిలుపుకొనుట ఎంతవరకు మంచిది? ఆ పెద్దలకు అధికారము ఎచ్చట నుండి కలిగినది? వారు తప్పినప్పుడు దిద్దవలసినవారు లోపలివారా, వెలుపలివారా? సంఘ పెద్దలు గల ప్రతి పల్లెలోను ఈ ప్రశ్న యున్నది. కాని మనవారి సంగతి యెత్తగానే ఎవరి పక్షము వారు పట్టుదురు గనుక, దూరదేశములోని ఒక జనమును చూచి దీనిని విచారింతము.

మనము జిప్సీలని వినుచున్నవారు తమ్మును తాము రోమా అని పిలుచుకొందురు. పౌలు పత్రిక వ్రాసిన రోమా పట్టణమునకును ఈ పేరునకును ఏ సంబంధమును లేదు. వారి భాషలో రోమ్ అనగా తమ జనములోని పురుషుడు, భర్త. జిప్సీ అను మాట ఐగుప్తీయుడు అను అర్థముగల ఇంగ్లీషు మాట అరిగి పుట్టినది. వారు ఐగుప్తు నుండి వచ్చిరని ఐరోపావారు చాలకాలము అనుకొనిరి. 1782లో రూడిగర్ అను జర్మను పండితుడు వారి మాటలను హిందుస్తానీ మాటలతో పోల్చి, ఇది మన దేశపు భాషయని వ్రాసెను. వారు నీళ్లను పానీ అందురు, మనుష్యుని మనుష్ అందురు, చెవిని కన్ అందురు, రెండును దుయ్ అందురు, అయిదును పంజ్ అందురు. దేవుని దేవెల్ అని పిలుతురు. అన్నిటికంటె ఆశ్చర్యమైనది, సిలువకు వారి మాట త్రుషుల్. అది త్రిశూలము అను మాటయే. వెయ్యి యేండ్ల క్రిందట ఈ దేశము విడిచి, పారసీక దేశము మీదుగా గ్రీకుల సీమకు చేరి, క్రొత్త మతము వినినప్పుడు, చేతనున్న పాత మాటతోనే సిలువకు పేరు పెట్టుకొనిరి. గ్రీకుల మధ్య ఎన్నో తరములు కాపురముండిరి గనుక ఏడు, ఎనిమిది, తొమ్మిది అను లెక్కలు వారికి గ్రీకు మాటలే.

మన తండాలలోని లంబాడీ సహోదరులును నీళ్లను పాణి అనియే అందురు. అంతమాత్రమున వీరును వారును ఒక్కటే యని చెప్పుట తొందరపాటు. రెండు భాషలును ఉత్తరదేశపు కుటుంబమునకు చెందినవే గాని, రోమాల పితరులు మిక్కిలి పూర్వమే విడిపోయిరి. ఐర్లండులో ట్రావెలర్లు అను సంచారులు వేరొక జనము. వారు ఐర్లండు రక్తమువారే, వారి భాష వేరు. ఇంకొక పొరపాటును దిద్దవలెను. రోమాలందరు బండ్లలో తిరుగుదురని అనుకొనరాదు. ఐరోపాలో నేడు కోటి మందికి పైగా నున్న ఆ జనములో ఎక్కువమంది ఊళ్లలో స్థిరముగా నివసించువారే. గుడారము పోయినను గుడారపు పెద్దరికము మాత్రము చాలచోట్ల మిగిలియున్నది.

కల్డెరాష్, లోవారి మొదలైన కొన్ని శాఖలలో తగవు పుట్టినప్పుడు మొదట పెద్దలు కూడి మాటలాడుదురు. దానికి దివానో అని పేరు. అక్కడ తీరనిచో క్రిస్ అను న్యాయసభ కూర్చుండును. ఈ క్రిస్ అను మాట గ్రీకులో క్రిసిస్, అనగా తీర్పు. మత్తయి 23వ అధ్యాయము 23వ వచనములో, పుదీనాకును జీలకఱ్ఱకును దశమభాగము లెక్కకట్టి న్యాయమును విడిచిపెట్టిన శాస్త్రులను ప్రభువు గద్దించినప్పుడు, న్యాయము అనుటకు మూలభాషలో వ్రాయబడిన మాట అదియే. చదువురాని బండివాండ్ర నోట సువార్త గ్రంథపు గ్రీకు మాట నేటివరకు బ్రదికియుండుట నాకు ఎంతో విలువగా తోచుచున్నది.

ఆ సభలో వ్రాతపూర్వకమైన చట్టము లేదు, జైలు లేదు, పోలీసు లేడు. ఉభయ పక్షములవారును నమ్మిన వృద్ధులు కూర్చుందురు. పెండ్లి విషయమున ఇచ్చిన సొమ్ము, విడాకులు, ఒకని వ్యాపారపు హద్దులో మరియొకడు చొరబడుట, అప్పులు, ఇవియే ఎక్కువగా వచ్చు తగవులు. తమ భాషలోనే వాదింతురు. అబద్ధమాడితే నాకు ఈ కీడు కలుగును గాక యని ఒట్టు పెట్టుకొందురు. చుట్టు నిలిచినవారందరు విందురు. ఎవరును కాదనలేని యొక మాట దొరకువరకు పెద్దలు మాటలాడుచునే యుందురు. శిక్ష సాధారణముగా జరిమానాయే. గట్టి శిక్ష ఏదనగా మారిమే, అనగా అపవిత్రుడని ప్రకటించుట. అప్పుడు వానితో ఎవరును భోజనము చేయరు, వాని గిన్నెలో నీళ్లు త్రాగరు, వాని పిల్లలను పెండ్లాడరు. మన పల్లెలలో వెలివేయుట ఎట్టిదో ఎరిగినవారికి దీని బరువు వేరుగా చెప్పనక్కరలేదు. ఊరంతయు కాదనుటకంటె తనవారు కాదనుట బాధ.

ఇది చూడగా నిర్గమకాండము 18వ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చును. మోషే ప్రొద్దుటి నుండి సాయంకాలమువరకు ఒక్కడే తీర్పు చెప్పుచుండగా మామయైన యిత్రో చూచి, ఇట్లయితే నీవును జనమును నలిగిపోవుదురని హెచ్చరించెను. యిత్రో మిద్యానువాడు. మిద్యానీయులును మందలతో సంచరించువారే. ఆయన కోరిన పెద్దలు సామర్థ్యము గలవారు, దైవభయము గలవారు, అన్యాయపు లాభమును అసహ్యించుకొనువారు. పెద్దవాని కుమారుడై యుండవలెనని ఆయన చెప్పలేదు. గట్టి ఆస్తి యుండవలెనని చెప్పలేదు. క్రిస్‌లోని పెద్దకును, నా గ్రహింపు మేరకు, ఇట్టి సంపాదించుకొనిన గౌరవమే బలము. వంశము కొంత సహాయము చేయును. కాని న్యాయము తప్పెనని పేరు పడినవానిని మరల ఎవరును తీర్పునకు పిలువరు. మన సంఘములలో తండ్రి పెద్ద గనుక కొడుకు పెద్ద యనుట వాడుకయైపోయినది. పిలువకుండనే కూర్చుండు పెద్దలు మనకు తక్కువగా లేరు.

రోమాలందరిలో క్రిస్ ఉన్నదని గూడ అనుకొనరాదు. ఫిన్లండు రోమాలలో అట్టి సభ లేదు. ఒకడు ఇంకొకని గాయపరచినచో, తప్పుచేసిన పక్షపు కుటుంబము రెండవవారి కంట పడకుండ దారి విడిచి తొలగిపోవలెను. స్పెయినులో గౌరవనీయుడైన వృద్ధుని తియో, అనగా మామా లేక పెదనాయనా, అని పిలుతురు. ఆ పిలుపునకు మించిన బిరుదు లేదు.

అయితే రాజులు లేరా యని అడుగుదురు. పత్రికలలో జిప్సీ రాజు అను మాట వినియుందుము. ఈ రాజరికము చాలవరకు వెలుపలివారి కొరకు వేసికొనిన వేషము. 1422లో ఇటలీలోని బొలోన్యా పట్టణమునకు వచ్చిన గుంపునకు నాయకుడు తన్ను చిన్న ఐగుప్తు ప్రభువైన ఆండ్రియా అని చెప్పుకొనెను. విశ్వాసము విడిచినందుకు ఏడేండ్లు సంచరించి పశ్చాత్తాపపడుచున్నామనియు చెప్పిరి. ప్రభువు అనినచో కోటతలుపు తెరచుదురు. కమ్మరి అనినచో తెరువరు. 1937లో పోలండు రాజధాని వార్సాలో యానుష్ క్వియెక్ అనువానికి వేలమంది యెదుట, ఆటల మైదానములో, కిరీటము పెట్టిరి. రుమేనియా దేశపు సిబియు పట్టణములో 1992లో యోవాన్ చ్వాబ రాజునని ప్రకటించుకొనగా, మరుసటి సంవత్సరమే ఆ పట్టణములోనే యూలియన్ రదులెస్కు చక్రవర్తినని ప్రకటించుకొనెను. ఒకే పట్టణమున రాజును చక్రవర్తియు! నవ్వు వచ్చును. కాని 1 సమూయేలు 8వ అధ్యాయము చదివితే నవ్వు ఆగును. ఇతర జనములకున్నట్లు మాకును రాజు కావలెనని పెద్దలు అడిగినప్పుడు సమూయేలు మనస్సు నొచ్చుకొనెను. పొరుగువారు తమ్మును లెక్కచేయవలెనను ఆశయే ఆ కోరికకు మూలము. తమకు తగిన పెద్దరికము ఇంటిలో నుండగానే, పొరుగువాని కన్ను కొరకు కిరీటము తెచ్చుకొనిరి.

పొరుగువాని కన్ను వారిని ఎట్లు చూచినదో గూడ చెప్పవలెను. చెప్పకపోతే ఆచారములను వారు అంత గట్టిగా ఎందుకు పట్టుకొనిరో తెలియదు. రుమేనియాలో కలిసిన వలాకియా, మొల్దావియా సీమలలో రోమాలు 14వ శతాబ్దము నుండి దాసులుగా నుండిరి. రాజునకు కొందరు, భూస్వాములకు కొందరు. మూడవ యజమాని ఎవరనగా సన్న్యాసుల మఠములు. ప్రార్థన గంట మ్రోగించిన చేతులే దాసుల జాబితా వ్రాసినవి. మఠముల దాసులను మొల్దావియా 1844లో, వలాకియా 1847లో విడిపించెను. మిగిలినవారికి 1855, 1856 సంవత్సరములలో విడుదల కలిగెను. స్పెయినులో 1749 జూలైలో రాజాజ్ఞ చేత ఒక్కమారుగా దాదాపు 9000 మందిని పట్టి, పురుషులను స్త్రీలను వేరుచేసి బంధించిరి. ఆస్ట్రియా రాణియైన మరియా థెరీసా వారిని మంచి రైతులుగా చేయుదునని తలంచి, తిరుగుట మాన్పించి, పేరు మార్చి, క్రొత్త పౌరులని పిలువుమని ఆజ్ఞాపించి, పిల్లలను తల్లుల యొద్దనుండి తీసి క్రైస్తవ కుటుంబములలో పెట్టించెను. ఆమె ఉద్దేశము మేలే యని కొందరందురు. తల్లి ఒడిలోనుండి బిడ్డను తీసికొని మేలు చేయుచున్నాననుట ఏ వేదములోని మేలు?

20వ శతాబ్దములో హిట్లరు ప్రభుత్వము చేసినది యిట్టి మేలు మాటయైనను లేనిది. చంపబడిన రోమాలు రెండు లక్షలకు తక్కువ కాదనియు, అయిదు లక్షలవరకు ఉందురనియు చరిత్రకారులు లెక్కకట్టుచున్నారు. 1944 ఆగస్టు 2వ తేది రాత్రి ఆష్విట్స్ శిబిరములో మిగిలిన నాలుగు వేలకు పైబడిన రోమాలను, వృద్ధులను పిల్లలను సహా, విషవాయువు గదులలో చంపిరి. ఇది జాతిహత్యయని పశ్చిమ జర్మనీ ప్రభుత్వము ఒప్పుకొనుటకు 1982 వరకు పట్టెను.

ఇవి దూరదేశపు కథలని మనము పెదవి విరువనక్కరలేదు. మన దేశములో దొరలు 1871లో నేరస్థ జాతుల చట్టము చేసి, పుట్టుకతోనే కొన్ని కులములను దొంగలని వ్రాసికొనిరి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురములో ఎరుకలవారిని అట్లు స్థిరపరచి, ఆ శిబిరమును రక్షణ సైన్యమువారి చేతికిచ్చిరి. అక్కడ కొందరికి చదువు వచ్చినది, కొందరు ప్రభువును ఎరిగిరి. అది నిజము. సెలవు చీటి లేక ఊరు దాటరాదను నియమము నడుమ సువార్త ప్రకటింపబడినదనుటయు నిజము. ఆ చట్టము 1952లో పోయినది; పేరునకు తగిలిన మచ్చ అంత త్వరగా పోలేదు.

బయటివాడు బలవంతముగా మార్చబోయిన ప్రతిసారి లోపలివారి కట్టుబాటు మరింత బిగిసినది. నాకు తోచినంతవరకు ఇది చెడుగు కాదు, ప్రాణరక్షణ. భూమిలేని జనమునకు ఆచారమే పొలము. అది పోతే మిగులునది ఏమి?

వేరొక రీతిగా వచ్చిన బయటివారును కలరు. ఫ్రాన్సు పడమటి తీరమున బ్రెటాను ప్రాంతములో క్లెమాన్ ల కొసెక్ అను కాపరి 1952 మొదలుకొని రోమాల మధ్య పనిచేసెను. వారిలో చాలమందికి అక్షరము రాదు. అయినను ఆయన తన జనులను తెచ్చి వారిమీద పెద్దలుగా పెట్టలేదు. వారిలోనుండియే బోధకులను లేపి, వారిచేతనే వారికి బోధింపించెను. కారవాను బండ్లతో వేలమంది కూడు మహాసభలు అట్లు పుట్టినవి. స్పెయినులో ఆ సంఘమునకు ఫిలదెల్ఫియ యని పేరు. అక్కడ ఇప్పుడు తగవు వచ్చినప్పుడు కొన్ని ఊళ్లలో వృద్ధుడైన తియో యొద్దకు వెళ్లుదురు, కొన్ని ఊళ్లలో పాస్టరు యొద్దకు వెళ్లుదురు. పాస్టరు యువకుడైతే వృద్ధులకు కష్టముగా నుండును. ఈ కష్టము మనకు క్రొత్త గాదు.

ఇంగ్లండులో 1860లో గుడారములో పుట్టిన రాడ్నీ స్మిత్తును మన పెద్దలు జిప్సీ స్మిత్తు అను పేరుతో ఎరుగుదురు. బడి మెట్టు ఎక్కనివాడు లోకమంతట బోధించి 1947లో ఓడలో ప్రయాణము చేయుచు చనిపోయెను. జిప్సీ అను మాటను ఆయన దాచుకొనలేదు, పేరునకు ముందు పెట్టుకొనెను. రోమను కతోలిక సంఘమువాడైనను సెఫెరీనో హిమేనెస్ మాయాను గూడ ఇచ్చట చెప్పుట న్యాయము. స్పెయినులో గుఱ్ఱముల బేరగాడు, చదువురానివాడు. రోమాలకును ఇతరులకును తగవు వచ్చినప్పుడు ఇరుపక్షములవారు ఆయననే పిలుచుకొనెడివారు. 1936లో అంతర్యుద్ధమున ఒక గురువును ఈడ్చుకొనిపోవుచుండగా అడ్డుపడి, పట్టబడి, కాల్చి చంపబడెను. ఆయనకు కిరీటమును ఎవరును పెట్టలేదు.

ఇంతవరకు చదివినవారు, శ్రమపడిన జనము గనుక వారి ఆచారమంతయు మంచిదని వ్రాయుచున్నానని అనుకొందురేమో. అట్లు కాదు. పైన చెప్పిన సిబియు రాజు 1997లో చనిపోగా కుమారుడు ఫ్లోరిన్ చ్వాబ రాజాయెను. ఆయన పెంతెకొస్తు బోధకుడు గూడ. 2003లో ఆయన, ఇంకను బాల్యము దాటని తన కుమార్తెకు, ఆచారము చొప్పున, ఘనముగా వివాహము చేసెను. ఆ బాలిక మధ్యలో గుడి విడిచి వెలుపలికి వెళ్లిపోయెను. మరల తీసికొని వచ్చి పెండ్లి చేసిరి. ఐరోపా అంతట గగ్గోలు పుట్టెను. ఈడు వచ్చువరకు వధూవరులు వేరుగా నుండవలెనని అధికారులు ఆజ్ఞాపించిరి. ఇది మా ఆచారము, మీకేమి యని కొందరు రోమా పెద్దలనిరి. వారి మాట వెనుక మరియా థెరీసా జ్ఞాపకమున్నదని ఒప్పుకొందును. అయినను గుడి విడిచి వెళ్లినది వెలుపలి అధికారి కాదు. ఆ యింటి పిల్లయే. ఆమె అడుగులును ఆ జనపు మాటయే గదా? క్రిస్ సభలో చుట్టు నిలిచి వినువారిలో స్త్రీలుండిరి. తీర్పు చెప్పువారిలో, పాత వాడుక చొప్పున, లేరు. రోమా స్త్రీలలో చదువుకొనినవారు బాల్యవివాహమును గూర్చి అప్పటికే బహిరంగముగా మాటలాడుచుండిరి. వెలుపలివారి చప్పుడులో వారి మాట వినబడుట కష్టమైనది.

మార్కు 7వ అధ్యాయములో ప్రభువు పెద్దల పారంపర్యమును ఖండించినప్పుడు, చేతులు కడుగుకొనుట పాపమని ఆయన చెప్పలేదు. కొర్బాను అను మాట చెప్పి తల్లిదండ్రులకు అన్నము మానివేయుటను ఎత్తి చూపెను. ఆచారము ఎవరి నోటి కూడు తీయుచున్నది, ఎవరి మాట నొక్కుచున్నది అని ఆయన చూచెను.

ఐర్లండులో 1960లో సంచారులను గూర్చి ప్రభుత్వము ఒక విచారణ సంఘమును ఏర్పరచెను. అందులో సంచారి ఒక్కడును లేడు. వారు సామాన్య జనములో కలిసిపోవుటయే పరిష్కారమని 1963లో నివేదిక వ్రాసిరి. 1982లో నాన్ జోయ్స్ అను ట్రావెలరు స్త్రీ, పిల్లల తల్లి, పార్లమెంటు ఎన్నికలలో నిలుచుండెను. అంతకుముందు ఆ జనమువారెవరును నిలువలేదు. ఆమె గెలువలేదు. 2017 మార్చి 1వ తేదిన ప్రధానమంత్రి ఎండా కెన్నీ ట్రావెలర్లు ప్రత్యేకమైన జనమని సభలో ఒప్పుకొనినప్పుడు, పైన కూర్చున్న ట్రావెలర్లు లేచి చప్పట్లు కొట్టిరి. పాత పెద్దల వరుసలో నాన్ జోయ్స్ వంటివారికి చోటు లేదు. ఎవరును చోటియ్యకుండనే ఆమె మాట నడిచినది.

సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు గుడారపు ద్వారమున మోషే యెదుటను, యాజకుని యెదుటను, పెద్దలందరి యెదుటను నిలుచుండిరి. కుమారులు లేరని మా తండ్రి పేరు ఏల మాసిపోవలెనని అడిగిరి. పితరుల వాడుక ఇదియని మోషే వారిని పంపివేయలేదు. వారి వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారి మాట న్యాయమని తీర్పు వచ్చినది. 36వ అధ్యాయములో గోత్రపు పెద్దలు మరల వచ్చి, భూమి వేరు గోత్రమునకు పోవునని తమ భయమును చెప్పుకొనగా, అదియు వినబడినది, దానికిని ఒక ఏర్పాటు జరిగినది. ఆ పెద్దలలో ఒక్కని పేరును అక్కడ వ్రాయలేదు. వ్యాజ్యెమాడిన ఆ స్త్రీల పేర్లు మాత్రము రెండుచోట్లను వ్రాసిరి: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా.